అమ్మ చేబదుళ్ళ పుస్తకం, నాయన రీఛార్జి

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు జిల్లా మెట్టలో ఒక పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ పోయి పది నెలలైంది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని, సారా ఉద్యమంలో ముందు నడిచి, తర్వాత పొదుపు సంఘం నడిపిన మనిషి కాబట్టి ఊళ్ళో ఆమె తెలియనివాళ్ళు లేరు. సంవత్సరీకానికి రోడ్డు పక్కన విగ్రహం పెట్టాలని అన్న పట్టుబట్టాడు. అమ్మ ట్రంకుపెట్టెలో చేబదుళ్ళ నోటుపుస్తకం దొరికింది, లెక్క వేస్తే 41,300 రూపాయలు ఊళ్ళో ఉన్నాయి, అవి వసూలు చేసి విగ్రహానికి వాడదామంటాడు. పెద్దకర్మ రోజు ఒకాయన మైకులో, అప్పట్లో సారా కొట్టు ముందు అమ్మ మా నాయన్ని చీపురుతో కొట్టిన సంగతి చెప్పాడు. జనం నవ్వారు. నాయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన 1993లో మానేశాడు, మళ్ళీ ముట్టలేదు. ఇప్పుడు ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. అమ్మ ఫోనుకి ప్రతి నెలా రీఛార్జి చేయిస్తాడు, రాత్రి ఎనిమిదింటికి తన ఫోనులోంచి రింగు ఇస్తాడు, బీరువాలో అది మోగుతుంది, కట్ చేస్తాడు. అన్న దండగంటాడు. ఇంకో మాట, చెప్పడానికి సిగ్గుగా ఉంది. అందరూ వచ్చి "మా అందరికీ అమ్మే" అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు మలేరియా వచ్చి పడుకున్నప్పుడు ఆమె మండలంలో మీటింగులో ఉంది. అమ్మని ఎలా గుర్తుపెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

సమాధానం:

తల్లీ, ముందు మీ నాయన సంగతి మాట్లాడుకుందాం. విగ్రహం ఎక్కడికీ పోదు.

ఆ మైకు పట్టుకున్న ఆయన చెడ్డవాడని నేను అనుకోను. నేను కందుకూరు వైపు పల్లెలో పెరిగినదాన్ని, ఆ రోజులు నాకూ తెలుసు. సారా అప్పుడు చాటుమాటు సరుకు కాదు. వారుణి వాహిని అని పేరు పెట్టి సర్కారే ప్యాకెట్లలో ఊరూరికీ పంపించేది, మంచినీళ్ళు రాని ఊళ్ళకు కూడా సారా మాత్రం వేళకి వచ్చేది. 1991లో మీ జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రిబడులు పెట్టినప్పుడు చదువు చెప్పడానికి వచ్చినవాళ్ళకి ఆడవాళ్ళు మొదట చెప్పుకున్నది సారా గురించే. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ పాఠంగా మారి మిగతా ఊళ్ళ రాత్రిబడుల్లోకి వెళ్ళింది. పలక మీద దిద్దుతున్న అక్షరాల్లో తమ ఇంటి గొడవే కనపడితే ఎవరు ఊరుకుంటారు? 1992 వచ్చేసరికి నెల్లూరులో సారా వేలంపాట జరగనివ్వకుండా కలెక్టరు ఆఫీసు దగ్గర బైఠాయించే దాకా పోయింది. 1993 ఏప్రిల్ 15న మీ జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. ఇదంతా నీకు అమ్మ చెప్పే ఉంటుంది, చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను.

అందుకని మీ ఊరికి ఆ చీపురు దెబ్బ గెలుపు గుర్తు. ఆ రోజు అక్కడున్నవాళ్ళు తలుచుకుని నవ్వుకుంటారు, నవ్వులో గర్వం ఉంటుంది. కాకపోతే ఆ దెబ్బ తిన్నాయన ముందు వరసలో కూర్చుని ఉన్నాడు, పదకొండు రోజుల క్రితమే భార్యను పోగొట్టుకున్నవాడు, ఆ సంగతి నవ్వేవాళ్ళకి తట్టలేదు. నాకు ఇంకో సంగతి మీద కూడా కోపం వచ్చింది. ఆ పెద్దమనిషి సగం కథే చెప్పాడు. కొట్టింది చెప్పాడు, ఆయన మానేసింది చెప్పలేదు. 1995లో మొత్తం మద్యం ఆపారు, 1997లో మళ్ళీ తెరిచారు, తర్వాత సందుకో బెల్టు షాపు వచ్చింది, పెళ్ళిళ్ళొచ్చాయి, ఎలక్షన్లొచ్చాయి, ఊరికే పోసేవాళ్ళు ఎదురొచ్చారు, ఇన్నిటి మధ్య ఒక మనిషి ముప్పై ఏళ్ళకు పైగా ముట్టకుండా ఉన్నాడంటే రోజుకో కథ ఉండి ఉంటుంది. అందులో చూసి నవ్వడానికి ఏమీ లేదు, అందుకే ఎవరూ చెప్పరు. ఆయన ఎంత కష్టపడ్డాడో చూసిన మనిషి ఒక్కతే, మీ అమ్మ. ఆమె ఇప్పుడు లేదు. మీ నాయన మౌనానికి కారణం ఇదేనని నేను తీర్పు చెప్పను, నాకు ఆయన తెలియదు. కానీ అడిగి చూడదగ్గ సంగతి.

అడగడం కూడా ఎదురుగా కుర్చీ వేసుకుని "నాయనా, నీతో మాట్లాడాలి" అని మొదలుపెట్టొద్దు, మన నాయనలు ఆ మాటకి తువ్వాలు భుజాన వేసుకుని కయ్యల మీదకి వెళ్ళిపోతారు. నువ్వే ఆయనతో పాటు కయ్య దాకా నడువు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు మొహం చూడక్కర్లేదు కాబట్టి మాట సులువుగా వస్తుంది. "అమ్మ సంగతులు ఒక పుస్తకంలో రాస్తున్నా నాయనా, సారా కొట్టు కాడ జరిగింది రాయనా, వద్దా?" అని అడుగు. వద్దంటే వద్దు. ఏమీ మాట్లాడకపోతే అది కూడా ప్రస్తుతానికి వద్దనే. రాయమంటే మాత్రం ఆయన చెప్పినట్టు రాయి, ఊరు చెప్పినట్టు కాదు. మైకాయన ఇంటికి సంవత్సరీకానికి వారం ముందే వెళ్ళు, వరసకి మామో బాబాయో అయ్యే ఉంటాడు, "ఈసారి ఆ సంగతి ఎత్తొద్దు" అని ఒక్క మాట చెప్పిరా. కారణాలు చెప్పక్కర్లేదు. అర్థం చేసుకుంటాడు, చేసుకోకపోతే మైకు ఇవ్వొద్దు.

ఇక పుస్తకం. నువ్వు ఫొటో తీసి పంపిన రెండు పేజీలు నేను చాలాసేపు చూశాను. పైన చింతపండు మరక, పక్కన సంఘం స్టాంపు సగం పడి ఉంది. అక్షరాలన్నీ కుడివైపుకి ఒరిగి ఉన్నాయి, గాలికి వరి ఒరిగినట్టు. "శ" రావలసిన చోటల్లా "స" రాసింది కానీ అంకెల్లో ఎక్కడా దిద్దుబాటు లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఆమె ఎవరి పేరూ రాయలేదు. "బోరింగు కాడ అవ్వ 500 మందులకి." "కుట్టుమిషను పిల్ల 2000." "మేకలాయన పెండ్లాం 1500 పిలకాయల ఫీజు." మీ అన్న వసూలుకి వెళ్తానంటున్నాడు కదా, ఏ ఇంటికి వెళ్తాడో అడుగు. బోరింగు ఇప్పుడుందా మీ ఊళ్ళో? మేకలు ఎప్పుడో అమ్ముకుని ఉంటారు. ఆ పుస్తకం చదవాలంటే మీ అమ్మ అన్నా ఉండాలి, సంఘంలో ఆమెతో కూర్చున్న ఆడవాళ్ళన్నా కావాలి.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే వసూలుకి వద్దు, చదివించుకోవడానికి వెళ్ళు. ఒక సాయంత్రం, ముగ్గురో నలుగురో పాత సంఘం వాళ్ళని కూర్చోబెట్టి, టీ పెట్టి, ఒక్కో వరస పైకి చదువు. "కుట్టుమిషను పిల్ల అంటే ఎవరు పెద్దమ్మా?" అంతే, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటారు, కాదు ఆమె కాదు, ఆమె కోడలు అంటారు. ఆ వాదనలోనే మీ అమ్మ కనపడుతుంది, ఎప్పుడు తిట్టింది, ఎప్పుడు తన గాజులు కుదవ పెట్టి తెచ్చిచ్చింది, ఎవరికి ఇవ్వనంటే ఇవ్వనంది. ఫోను పక్కన పెట్టి రికార్డింగు నొక్కు, వాళ్ళతో చెప్పే నొక్కు. ఎవరైనా ఇబ్బంది పడితే ఆపేయి.

డబ్బు మాటకొస్తే నీకు ఒక హెచ్చరిక. "అమ్మ గుర్తుగా అన్నీ మాఫీ" అని మైకులో ప్రకటించాలని నీకో మీ వదినకో అనిపించవచ్చు. వద్దు. అప్పుడు ఎవరెవరు బాకీ ఉన్నారో ఊరంతా లెక్కపెడుతుంది, మీ అమ్మ పేర్లు రాయకుండా దాచిపెట్టింది నువ్వు బయటపెట్టినట్టు అవుతుంది. పైగా ఆమె రోజుకో రూపాయి పొదుపు దగ్గర మొదలైన తరం మనిషి, మీ జిల్లాలో పొదుపు లక్ష్మి అని పిలిచేవాళ్ళు, సారా ప్యాకెట్టుకి పోయే డబ్బులో రూపాయి డబ్బాలో వేయడమే మొదటి పాఠం. అలాంటి మనిషి లెక్కని ఉదారంగా చెరిపేయడం గౌరవం అవదు. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళు తెచ్చిస్తే తీసుకో, "ఎందుకులే" అనకు. తీసుకుని ఆ వరస మీద మీ అమ్మ కొట్టినట్టే అడ్డగీత కొట్టు, తీర్చినవాళ్ళు ఎదురుగా ఉండగానే. తీర్చలేనివాళ్ళని అడగకు. వచ్చిన డబ్బు విగ్రహానికి కాదు, సంఘం వాళ్ళనే అడిగి వాళ్ళు చెప్పినదానికి వాడు. సంఘం ఖాతాలో ఆమె పేరున ఉన్న పొదుపు, అప్పు మాత్రం వేరే సంగతి, అది బ్యాంకు లెక్క. డెత్ సర్టిఫికెట్ తీసుకెళ్ళి పుస్తకాలు రాసే అమ్మాయితో కూర్చుని తేల్చుకోండి, దాన్ని ఈ నోటుపుస్తకంతో కలపొద్దు.

ఇప్పుడు నీ సిగ్గు మాట. నాకైతే నీ ఉత్తరంలో నిజమైన ప్రశ్న అదే అనిపించింది, చివర్లో పెట్టావు.

మా అమ్మ మంత్రసాని. ఆస్పత్రి దూరం, రోడ్డు లేదు, అర్ధరాత్రి ఎవరో లాంతరు పట్టుకుని తలుపు కొట్టేవాళ్ళు, ఆమె లేచి కొప్పు ముడేసుకుని వెళ్ళిపోయేది. నాకు ఆరేడేళ్ళు. పొద్దున్నే లేస్తే పక్కన చాప ఖాళీగా ఉండేది. ఆమె పోయినప్పుడు యాభై ఏళ్ళ మగవాళ్ళు మీసాలతో వచ్చి "నన్ను ఈ లోకానికి తెచ్చింది మీ అమ్మే" అని ఏడిస్తే నాకు ఏడుపు రాలేదు, ఆ రాత్రి నా పక్కన ఉండాల్సిన మనిషి నీ దగ్గర ఉందన్నమాట అనుకున్నాను. మనసులోనే అనుకున్నాననుకో. అది తప్పని ఎవరూ నాకు చెప్పలేదు, తప్పు కాదని కూడా చెప్పలేదు, అందుకే చాలాకాలం మోశాను.

నీకు చెప్తున్నాను, తప్పు కాదు. వాళ్ళకి ఆమె చేసింది మేలు, నీకు అదే పూట లోటు. రెండూ జరిగాయి. "మా అందరికీ అమ్మే" అన్నవాళ్ళకి నువ్వు "అవును పెద్దమ్మా" అనక్కర్లేదు, కాదని కూడా అనక్కర్లేదు. "అవునా, ఏం చేసిందో చెప్పు" అని అడుగు, అప్పుడు వాళ్ళు పెద్ద మాటలు వదిలి చిన్న సంగతిలోకి వస్తారు. పెద్ద మాటలు విన్నప్పుడే ఒళ్ళు మండేది, చిన్న సంగతులు అంత మండించవు, నా అనుభవం అది. మలేరియా రోజుల గురించి కూడా అడుగు. ఆ మీటింగు ఏమిటో, ఆమెతో వెళ్ళినవాళ్ళు ఎవరో. నీ మీద బెంగతో ఆమె ఆ రోజు ఏడ్చిందని ఎవరో చెప్తారని నేను నీకు ఆశ పెట్టను. ఏమో, మీటింగులో చక్కగా మాట్లాడి, భోజనం చేసి, బస్సెక్కి వచ్చి ఉండొచ్చు. అది తెలిసినా నువ్వు తట్టుకోగలవనుకుంటున్నాను, ఎందుకంటే ఇప్పుడు నీకూ ఉద్యోగం ఉంది, నీ పిల్లకి జ్వరం వచ్చిన రోజు నువ్వు కాల్‌లో ఉండే ఉంటావు. (పిల్లలున్నారో లేదో నువ్వు రాయలేదు. లేకపోతే ఈ మాట వదిలేయి.)

రాసేటప్పుడు నీ ఫిర్యాదు కూడా రాయి. పుస్తకం వేయమని కాదు. మామూలు రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు చాలు. దూబగుంటలో ముందు నిలబడిన రోశమ్మగారి పేరు పేపర్లలో వచ్చింది, 2016లో ఆమె పోయినప్పుడు కూడా రాశారు, రాయాల్సిందే. కానీ ఆ ఉద్యమం ఒక్కరితో నడవలేదు, ఊరికి పదిమంది చొప్పున నడిపారు, వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. అప్పటికి ముప్పై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు, యాభై ఉన్నవాళ్ళు చాలామంది లేరు. మీ అమ్మతో రాత్రిబడిలో పక్కన కూర్చున్న మనిషి ఎవరైనా ఉంటే సంవత్సరీకం దాకా ఆగొద్దు, వచ్చే శనివారం బస్సెక్కు. ఏ ఇంటి వసారాలో బడి పెట్టారు, లాంతరుకి కిరసనాయిలు ఎవరు పోసేవాళ్ళు, మీ అమ్మ మొదట ఏ అక్షరం రాసింది, ఎవరు చూసి నవ్వారు, ఇవన్నీ అడుగు. తేదీలు వాళ్ళకి గుర్తుండవు, "మా చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు" అంటారు, ఆ చిన్నోడి వయసు కనుక్కుంటే నీకు సంవత్సరం దొరుకుతుంది.

విగ్రహం గురించి రెండు ముక్కలు. రోడ్డు మీద, రోడ్డు మార్జిన్లో విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది, కాబట్టి మీ అన్న చూపించిన చోటుకి కాగితం రాదు, కాగితం లేకుండా పెడితే రేపు రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు తీసి పక్కన పెడతారు, ఆ రోజు మీ ఇంట్లో మళ్ళీ ఒక చావు జరిగినట్టుంటుంది. ఇది మీ అన్నకి నువ్వు చెప్పకు, పంచాయతీ సెక్రటరీతో చెప్పించు. మీ అన్న మీద మాత్రం కోపం పెట్టుకోకు. మగపిల్లలకి మన దగ్గర ఏడవడానికి చోటు తక్కువ, సిమెంటూ ఇసుకా తోలిస్తే కాస్త ఊపిరి ఆడుతుంది వాళ్ళకి. ఆయన చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. సంఘం ఆడవాళ్ళు ఎండలో నిలబడే చోట ఒక అరుగు, పైన రేకు, అది పంచాయతీ స్థలంలో అనుమతితో కట్టవచ్చేమో కనుక్కోమను. పేరు రాస్తే మీ అమ్మ చేతిరాతలోనే రాయించండి, ఆ నోటుపుస్తకంలో ఆమె సంతకం ఉందేమో చూడండి. ఒరిగిన అక్షరాలు ఒరిగినట్టే ఉండాలి, పెయింటరు సరిచేస్తానంటాడు, చేయనివ్వొద్దు.

ఫొటో కూడా అంతే. మేము మా అమ్మ ఆధార్ ఫొటో స్టూడియోకి ఇస్తే, వాళ్ళు పట్టుచీర కట్టి, మెళ్ళో కాసులపేరు వేసి, మొహం తెల్లగా చేసి ఇచ్చారు. ఇప్పటికీ హాల్లో ఉంది. దండ మార్చినప్పుడల్లా ఈమె ఎవరా అనిపిస్తుంది.

సంవత్సరీకం రోజు గొడవ తగ్గించడానికి ఒక చిన్న ఉపాయం. తిథి, తేదీ ఒకే రోజు పడవు, తిథి మామూలుగా పదకొండు రోజులు ముందుకి వస్తుంది, మధ్యలో అధిక మాసం వస్తే తేదీ దాటి వెనక్కి పోతుంది. దాన్ని వాడుకోండి. తిథి రోజు ఇంటి వరకు, నాయన ఎలా అంటే అలా, మైకు లేదు, ఫ్లెక్సీ లేదు. తేదీ రోజు ఊరికి, సంఘానికి, భోజనాలకి. నాయన ఆ రెండో రోజు వస్తే వస్తాడు, రాకపోతే ఎవరూ అడగొద్దు, "ఆయన ఏడీ?" అన్నవాళ్ళకి "కయ్య మీదకి పోయాడు" అని చెప్పు, అది అబద్ధం కూడా కాదు. భోజనంలో అమ్మ చేసే వంటలే పెట్టాలని పట్టుపట్టకు, మూడొందల మందికి చేసే పులుసు ఆమె పులుసులా ఉండదు, తిని ఇంకా బాధపడతావు.

చివరిగా ఫోను. మీ అన్నకి లెక్క చెప్పు. వాడకుండా, రీఛార్జి లేకుండా మూడు నెలలు వదిలేస్తే కంపెనీ ఆ నంబరు ఆపేయవచ్చు, తర్వాత దాన్ని ఇంకెవరికో ఇస్తారు. ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి నాయన రింగు ఇస్తే ఎవరో తెలియని కుర్రాడు ఎత్తి "హలో ఎవరండీ" అంటాడు. దానికంటే నెలకి పోయే ఆ డబ్బు దండగేమీ కాదు. వాట్సాప్ కూడా నాలుగు నెలలు తెరవకపోతే ఖాతా తీసేస్తుంది, కాబట్టి అప్పుడప్పుడు వైఫై పట్టించి తెరుస్తుండు. నీకు ఆమె పంపిన వాయిస్ మెసేజులు నీ ఫోనులోనే ఉంటాయి, ఫోను మార్చినా పోయినా అవీ పోతాయి, ఈ ఆదివారమే అన్నీ బయటికి తీసి రెండు చోట్ల దాచు. "అన్నం తిన్నావా" అన్నవి కూడా, అవే ముందు. నేను మా అమ్మ గొంతున్న పాత ఫోను ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను, కొత్త ఫోనుకి ఎనిమిది వందలు తగ్గించారు.

మీ నాయనకి ఆ మెసేజులు వెంటనే వినిపించకు. ఉన్నాయని మాత్రం ఒకసారి చెప్పి ఊరుకో, కావాలంటే ఆయనే అడుగుతాడు. రీఛార్జి ఈసారి నువ్వు చేయించు, మూడు నెలల ప్లాన్లు ఉంటాయి. లేదు, వద్దులే, ఆయన్నే చేయించుకోనీ. నెలకోసారి సెంటరు దాకా నడిచి వెళ్ళి ఆ నంబరు పైకి చదువుతాడు కదా షాపులో.